ఊరంతా మిరపే, మరి లాభం ఎక్కడ?

(మిరప రైతుల శిక్షణా తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నారు పోసే రోజులు దగ్గరపడ్డాయి. ఈ నెలలో మన ఇళ్ళల్లో నడిచే మాటలన్నీ ఒకటే. ఈ ఏడు ఎన్ని ఎకరాలు వేద్దాం, తేజ వేద్దామా, 334 వేద్దామా, కౌలు ఎంత అడుగుతున్నారు, పెట్టుబడి ఎవరిస్తారు. ఇంత హడావుడిలో మిమ్మల్ని ఒక పూట ఇక్కడ కూర్చోబెట్టడం న్యాయం కాదని తెలుసు. అయినా ఈ మాటలు నారు పోయకముందు మాట్లాడుకోవాల్సినవే. కాయ కళ్ళంలోకి వచ్చాక మాట్లాడుకుంటే మిగిలేది తిట్టుకోవడమే.

ఈ మధ్య ఏ అధికారి మైకు పట్టుకున్నా క్లస్టర్ అంటున్నారు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఉద్యాన పంటల క్లస్టర్ కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి విడతగా ఎంపిక చేసిన 12 చోట్లలో అనంతపురం అరటి, మహబూబ్‌నగర్ మామిడి ఉన్నాయి. ఒక ప్రాంతంలో ఒకే పంట ఉంటే ఖర్చు తగ్గుతుంది, కొనేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు, రైతు ఆదాయం పెరుగుతుంది అని చెబుతున్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే సగమే చెబుతున్నారు.

ఇది కొత్త ఆలోచనా కాదు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1890లోనే రాశాడు. ఒకే పని చేసేవాళ్ళు ఒకచోట చేరితే ఆ పనిలో నేర్పున్న కూలీలు అక్కడికే వస్తారు, ఆ పనికి కావలసిన సరుకు అమ్మేవాళ్ళు అక్కడే కొట్లు పెడతారు, పనిలో మెళకువలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి అన్నాడు. అది చదవకుండానే మన గుంటూరు, పల్నాడు రైతులు చేసి చూపించారు. కోతల కాలం వస్తే కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కూలీలు కుటుంబాలతో సహా దిగుతారు. కాయ ముచ్చిక ఊడకుండా ఎలా కోయాలో వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. లాం ఫారం మన పక్కనే ఉంది. గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. యడ్లపాడు దగ్గర సుగంధ ద్రవ్యాల పార్కు ఉంది. దేశంలో ఎక్కడి వ్యాపారికి మిరప కావాలన్నా ముందు అడిగేది గుంటూరు ధరే. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇన్ని ఉన్నాయి కదా, మరి 2017లో ఏం జరిగింది? అంతకు ముందటేడు క్వింటాలు పది వేలు దాటి పలికిన కాయను ఆ ఏడు మూడు వేలకు, నాలుగు వేలకు అడిగారు. కోత కూలి కూడా రాని రైతు పంటను చేలోనే వదిలేశాడు. ఖమ్మం యార్డులో రైతుల కడుపుమంట ఎక్కడికి దారితీసిందో, ఆ తరువాత రైతుల చేతులకు బేడీలు ఎలా వేశారో దేశమంతా చూసింది. అప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌కు 88,300 టన్నులు, తెలంగాణకు 33,700 టన్నులు అని పరిమితి పెట్టింది. ప్రకటన వచ్చింది మే నెలలో. మే నాటికి చిన్న రైతు దగ్గర కాయ ఎక్కడుంది? 2025లోనూ ఇదే కథ. మళ్ళీ ధర కూలింది, మళ్ళీ ధర్నాలు, మళ్ళీ 11,781 రూపాయలని ఒక అంకె, 2.43 లక్షల టన్నులని ఒక పరిమితి. మిరపకు మద్దతు ధర లేదు కాబట్టి ప్రతిసారీ అడుక్కోవాల్సిందే.

కాబట్టి మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పంట ఒకచోట చేరడం వల్ల లాభం పుడుతుంది, అది నిజం. పుట్టిన లాభం ఎవరి జేబులోకి పోతుంది? దీన్ని తేల్చేవి రెండు. అక్కడ ఉన్న వ్యవస్థ ఎవరి చేతిలో ఉంది అన్నది ఒకటి. ఎవరికి ఏ సంగతి ముందుగా తెలుస్తుంది అన్నది ఇంకొకటి.

ముందు తెలియడం సంగతి చూద్దాం. మన కాయ యార్డుకు వెళుతుంది. టిక్కీ కోస్తారు, గుప్పెడు కాయ తీస్తారు, చేత్తో నలుపుతారు, వాసన చూస్తారు, తేమ ఉందంటారు, తాలు ఉందంటారు, డీలక్స్ కాదు మీడియం బెస్ట్ అంటారు. అక్కడితో మన ఏడాది కష్టానికి పేరు పెట్టేశారు. అదే కాయ ఎగుమతిదారు గోడౌనుకు చేరాక చేత్తో చూడరు. రంగును ఆస్టా అనే కొలతలో చూస్తారు, ఘాటును స్కోవిల్ కొలతలో చూస్తారు, అఫ్లాటాక్సిన్ ఉందేమో, పురుగుమందు అవశేషాలు ఉన్నాయేమో ల్యాబులో చూస్తారు. కొనేవాడు తిరిగి అమ్మేటప్పుడు ఈ అంకెల మీద అమ్ముతాడు. మన దగ్గర కొనేటప్పుడు మాత్రం కంటిచూపు మీద కొంటాడు. ఈ రెంటి మధ్య తేడాలోనే బోలెడు డబ్బు ఉంది.

తేజ రకం చైనాకు బాగా పోతుంది. అక్కడి నుంచి అడిగేవాళ్ళు పెరిగారా తగ్గారా అన్నది ముందు ఎగుమతిదారుకు, తరువాత కమీషన్ వ్యాపారికి తెలుస్తుంది. మనకు తెలిసేటప్పటికి ధర పడిపోయి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఎన్ని లక్షల టిక్కీలు నిలవ ఉన్నదీ అంతే. వ్యాపారుల దగ్గర లెక్క ఉంటుంది, మనకు వచ్చేది పుకారు. ఆ పుకారు కూడా కొన్నిసార్లు కావాలనే పుట్టిస్తారని మా అనుమానం.

మేము నలుగురం కార్యకర్తలం ఒక ఊళ్ళో ఒక పని చేశాం. ఒకే రోజు, ఒకే యార్డులో, ఒకే రకం కాయ అమ్మిన ముగ్గురి తక్‌పట్టీలు పక్కపక్కన పెట్టి చూశాం. ముగ్గురి చేలూ ఒకే డొంక మీద ఉన్నాయి. విత్తనం ఒకే కొట్లో కొన్నారు. ముగ్గురికీ మూడు ధరలు పడ్డాయి. తక్కువ పడినాయనది కౌలు పొలం, పెట్టుబడి మొత్తం ఆ కమీషన్ వ్యాపారి దగ్గరే తెచ్చాడు. ఎక్కువ పడినాయనకు అప్పు లేదు, పైగా పక్క దుకాణంలో మచ్చు చూపించి వచ్చాడు. ముగ్గురూ ఒకరికొకరు చుట్టాలే. ఆ రోజు దాకా ఒకరి తక్‌పట్టీ ఇంకొకరు చూడలేదు. అడిగితే, 'ధర తక్కువ పడిందని చెప్పుకోవడం నామోషీ కదండీ' అన్నాడు ఆ కౌలు రైతు. వ్యాపారి బతుకుతున్నది ఈ నామోషీ మీదే.

ఇక్కడ ఒక మాట. 'ధరలు తెలియకపోవడం వల్లే రైతు నష్టపోతున్నాడు, ఫోన్లో ధరలు పెడితే సరిపోతుంది' అని వాదించేవాళ్ళు ఉన్నారు. దీని మీద మన దేశంలోనే మంచి పరిశోధనలు జరిగాయి. వాటి ఫలితాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ జాగ్రత్తగా చూస్తే ఒకే సంగతి చెబుతాయి.

కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 లోపు సెల్‌ఫోన్లు వచ్చాయి. సార్డిన్ చేపలు పట్టే జాలరులు అంతకు ముందు తమ ఊరి రేవుకే వచ్చేవాళ్ళు. ఆ రోజు అక్కడ చేప ఎక్కువైతే పారబోసేవాళ్ళు, పక్క రేవులో అదే సమయానికి చేప దొరక్క కొనేవాళ్ళు తిరిగిపోయేవాళ్ళు. ఫోన్లు వచ్చాక సముద్రం మీద నుంచే ధర కనుక్కుని పడవను ఆ రేవుకు తిప్పారు. పారబోయడం ఆగింది. జాలరుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకు ధర సుమారు 4 శాతం తగ్గింది. రాబర్ట్ జెన్సన్ అనే పరిశోధకుడు లెక్కగట్టిన సంగతి ఇది.

ఇప్పుడు పశ్చిమ బెంగాల్‌కు రండి. హుగ్లీ, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలు బంగాళాదుంపకు పెట్టింది పేరు. మన మిరప లాగే చుట్టూ కోల్డ్ స్టోరేజీలు. అక్కడ పరిశోధకులు కొన్ని ఊళ్ళలో టోకు మార్కెట్ ధరలు రోజూ బోర్డు మీద రాయించారు, కొందరు రైతులకు ఫోన్లో చెప్పించారు. రైతుకు వచ్చే సగటు ధర పెరిగిందా అంటే, పెరగలేదు. ఎందుకంటే ఆ రైతు తన దుంపను టోకు మార్కెట్లో నేరుగా అమ్మలేడు. అక్కడ వ్యాపారి వ్యాపారి దగ్గరే కొంటాడు. రైతు ఊళ్ళో ఉన్న దళారీకే అమ్మాలి. టోకు ధర ఎంతో తెలిసింది, అయితే తీసుకెళ్ళి అమ్మే చోటు లేదు. కేరళ జాలరికి పడవ తిప్పడానికి ఇంకో రేవు ఉంది. బెంగాల్ రైతుకు లేదు.

మూడోది మధ్యప్రదేశ్ సోయాబీన్. 2000 నుంచి ఐటీసీ కంపెనీ ఊళ్ళల్లో ఈ-చౌపాల్ పేరుతో కంప్యూటర్లు పెట్టి ధరలు చూపించింది, తానే కొనే కేంద్రాలు కూడా తెరిచింది. ధరతో పాటు ఇంకొక అమ్మకం చోటు కూడా వచ్చింది కాబట్టి మండీ వ్యాపారులు తగ్గక తప్పలేదు. మండీల్లోనే సోయా ధర 1 నుంచి 3 శాతం పెరిగిందని అధ్యయనం తేల్చింది. కంపెనీ వచ్చి మనల్ని ఉద్ధరిస్తుందని మేము చెప్పడం లేదు. కంపెనీ తన లాభం కోసమే వచ్చింది. రేపు అదొక్కటే మిగిలితే అదే కొత్త దళారీ అవుతుంది. కానీ రెండో చోటు ఉంటే మొదటి చోట ధర మారుతుందన్నది మాత్రం నిజం.

మన మిరప రైతు ఈ మూడింటిలో ఎవరిలా ఉన్నాడు? అప్పు లేనివాడు కేరళ జాలరిలా ఉన్నాడు. అప్పున్నవాడు, ముఖ్యంగా కౌలు రైతు, బెంగాల్ రైతులా ఉన్నాడు. జూన్‌లో పెట్టుబడి తీసుకున్నప్పుడే ఫిబ్రవరిలో కాయ ఏ దుకాణానికి వెళుతుందో నిర్ణయమైపోయింది. అతని ఫోన్లో గుంటూరు ధర, ఖమ్మం ధర, వరంగల్ ధర, బ్యాడగి ధర నాలుగూ కనిపించవచ్చు. ఏం ప్రయోజనం? 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైంది, మొదటి విడత మార్కెట్లలో మన నిజామాబాద్ కూడా ఉంది. మంచిదే. అయితే కంప్యూటరులో వేలం వేసినా, వేలానికి ముందే అప్పు పత్రంతో కట్టేసిన రైతుకు ఆ కంప్యూటరు బొమ్మే.

అందుకే వ్యవస్థ అనే మాట. ఇక్కడ గుజరాత్‌లోని ఆణంద్ సంగతి చెప్పాలి. అమూల్ అంటే అందరికీ తెలుసు, కానీ అది ఎక్కడ మొదలైందో మన యువకుల్లో చాలామందికి తెలియదు. ఖేడా జిల్లా అప్పటికే పాలకు పేరున్న ప్రాంతం, ఇవాళ్టి మాటల్లో క్లస్టర్. పాలు బొంబాయికి పోయేవి. రైలు ఉంది, డెయిరీ ఉంది, గిరాకీ ఉంది. కానీ కొనుగోలు హక్కు పోల్సన్ అనే ఒక్క కంపెనీ చేతిలో ఉంది, ధర ఆ కంపెనీ మనుషులు చెప్పిందే. రైతులు సర్దార్ పటేల్ దగ్గరకు వెళితే, సొంత సంఘం పెట్టుకోండి, అవసరమైతే పాలు పోయడం ఆపండి అన్నారు. 1946లో పదిహేను రోజులు ఒక్క చుక్క పోయలేదు. నేల మీద పారబోశారు గానీ కంపెనీకి పోయలేదు. ఆ డిసెంబరులో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో జిల్లా సహకార యూనియన్ రిజిస్టర్ అయింది. కురియన్ ఆ తరువాత వచ్చారు.

ఆ కథలో సమ్మె ఘట్టాన్ని అందరూ చెబుతారు. మాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఊరి సొసైటీ దగ్గర జరిగే పని. పాలు పోయగానే అక్కడే వెన్న శాతం చూస్తారు, రైతు కళ్ళ ముందే, ఆ అంకె మీదే డబ్బు. ఒక గేదె ఉన్న మనిషికీ, పది గేదెలున్న ఆసామికీ ఒకే పరీక్ష, ఒకే లెక్క. గేదెలు అవే, ఊళ్ళు అవే, రైలు అదే. మారిందల్లా పాలను కొలిచేది ఎవరు, ఆ కొలత ఎవరికి కనిపిస్తుంది అన్నదే. మన మిరపకు అలాంటి పరీక్ష ఊళ్ళోనే, మన ముందే ఎందుకు జరగదు? తేమ కొలిచే మీటరు కొనలేని ఊరు ఉందా?

'అది గుజరాత్ కాబట్టి అయింది' అని ఎవరైనా అంటారేమో. ముల్కనూరు మన తెలంగాణలోదే. 1956లో విశ్వనాథరెడ్డి గారి ఆధ్వర్యంలో సహకార గ్రామీణ బ్యాంకు పెట్టారు. అక్కడ అప్పు ఇచ్చేదీ సొసైటీయే, ఎరువులు ఇచ్చేదీ సొసైటీయే, వడ్లు కొనేదీ, మర పట్టించేదీ సొసైటీయే. సభ్యులు వరి విత్తనం పండిస్తే దాన్ని శుద్ధి చేసి అమ్మేదీ సొసైటీయే. అప్పు, అమ్మకం రెండూ ఒకే చోట ముడిపడి ఉండడం మన యార్డులోనూ ఉంది, ముల్కనూరులోనూ ఉంది. తేడా ఏమిటంటే అక్కడ ఆ ముడి కొస సభ్యుల చేతిలో ఉంది.

దీనికి పూర్తిగా తలకిందులుగా ఉన్నది గద్వాల పత్తి విత్తనం. అంత దగ్గర దగ్గరగా విత్తన పత్తి పండే చోటు అరుదు. కానీ కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. ఒప్పంద పత్రం రైతు చేతికి రాదు. విత్తనం ఇచ్చేశాక నెలల తరువాత స్వచ్ఛత పరీక్షలో ఫెయిల్ అయిందని చెబుతారు. ఏ ల్యాబులో, ఏ నమూనా మీద అన్నది అడిగే దారి లేదు. అది కూడా క్లస్టరే.

పంట ఒకచోట చేరడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచుకోవద్దు. పురుగు కూడా ఒకచోటే చేరుతుంది. 2021లో నల్ల తామర పురుగు మన చేల మీద పడ్డప్పుడు ఏం చేశామో గుర్తుందిగా. పూతంతా రాలిపోతుంటే రోజు మార్చి రోజు కొట్టాం. ఏ మందు కొట్టాలో చెప్పింది ఎవరు? మందుల కొట్టు ఆయన. ఎవరి చేలో ఏ డబ్బా కనిపిస్తే అది అందరం తెచ్చాం. ఆ పురుగు మన దేశంలో ఉందని 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో ఆ కబురు శాస్త్రవేత్తల కాగితాల నుంచి మన చేను గట్టు దాకా నడవలేదు. కబురు మోసే వ్యవస్థ లేదు, మందు అమ్మే వ్యవస్థ మాత్రం ప్రతి సెంటర్లో ఉంది. మార్షల్ దొర చెప్పినట్టు మెళకువలు గాలిలో పాకుతాయి, నిజమే. తప్పుడు సలహాలు కూడా ఆ గాలిలోనే పాకుతాయి.

పైగా మనలో ఒకరి తప్పు అందరి మెడకూ చుట్టుకుంటుంది. 2003లో యూరప్‌లో మన దేశపు కారంలో సూడాన్ రంగు దొరికింది. కలిపింది రైతు కాదు. కానీ ఆ దెబ్బకు మన దేశపు మిరప సరుకంతా అనుమానం కిందికి వచ్చింది, ఎగుమతికి పరీక్షలు తప్పనిసరి చేశారు. నాసిక్ ద్రాక్ష రైతులు కూడా ఇలాంటి దెబ్బ తిన్నవాళ్ళే. 2006 నుంచి అక్కడ గ్రేప్‌నెట్ కింద ప్రతి తోటకూ నమోదు, నమూనా, ల్యాబు ఫలితం ఉంటున్నాయి. అయినా 2010లో ఒక్క రసాయనం విషయంలో యూరప్ సరుకు వెనక్కి కొట్టింది. అంటే రిజిస్టరు ఉన్నంత మాత్రాన అన్నీ ఆగవు. కాకపోతే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి ఒక చోటంటూ ఉంటుంది. మనకు ఆ చోటు కూడా లేదు.

ఇన్ని చెప్పాక ప్రభుత్వాన్ని ఏం అడగాలి, మనం ఏం చేయాలి? అడిగేవి కొత్తగా డబ్బు ఖర్చయ్యేవి కావు. ఈ-క్రాప్‌లో రైతు ఏం వేశాడో ప్రభుత్వం ఎలాగూ రాసుకుంటోంది. మండలం వారీగా, రకం వారీగా మిరప ఎన్ని ఎకరాలు పడిందో సెప్టెంబరు లోపల రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించమంటున్నాం. కోల్డ్ స్టోరేజీల్లో నిలవ ఎంత ఉందో వారానికోసారి బయటపెట్టమంటున్నాం. నిరుడు ధర బాగుందని అందరం ఒకేసారి ఎగబడి వేయడం, మరుసటి ఏడు మునగడం మన తెలివితక్కువ అంటారు కొందరు. లెక్కలు ఒకరి దగ్గరే పెట్టుకుని ఇంకొకరిని తెలివితక్కువ అనడం ఏం న్యాయం? జోక్యం పథకం ధర మే నెలలో కాదు, మొదటి కోతకు ముందు ప్రకటించాలి. నిలవ పెట్టుకున్న కాయ మీద తాకట్టు రుణం కౌలు రైతుకూ ఇవ్వాలి. భూమి కాగితం లేదని గుర్తింపు కార్డున్న కౌలు రైతును తిప్పిపంపే చోటు ఉంటే, ఆ రోజు సంఘం అతనితో పాటు ఆ గుమ్మంలో నిలబడుతుంది.

మనం చేసేది ఇంకా చిన్నది. మా ప్రతిపాదన ఇది, కాదంటే చర్చించండి. ఊరికి ఒక నోటు పుస్తకం. ఆ ఊరి నుంచి యార్డుకు వెళ్ళిన ప్రతి లాటుకూ తేదీ, రకం, టిక్కీలు, తూకం, ధర, కోతలు ఏ పేరుతో ఎంత పట్టారు అన్నది తక్‌పట్టీ చూసి రాయడం. రైతు పేరు రాయక్కర్లేదు, అప్పు సంగతి రాయక్కర్లేదు. ఊరికి ఒక తేమ మీటరు చందా వేసి కొందాం. టిక్కీ కట్టేముందు తేమ చూసి ఆ అంకె కూడా పుస్తకంలో ఎక్కిద్దాం. యార్డులో 'తేమ ఎక్కువ' అన్నప్పుడు మన దగ్గర కూడా ఒక అంకె ఉండాలి. పది ఊళ్ళ పుస్తకాలు కలిస్తే ఏ దుకాణంలో ఏ రకానికి సగటున ఎంత తక్కువ పడుతోందో కనిపిస్తుంది. అది చేతిలో పట్టుకుని మార్కెట్ కమిటీ దగ్గరకు వెళితే మాట వేరేగా ఉంటుంది.

ఎఫ్‌పీఓల గురించి అడిగారు కొందరు. 2020 నుంచి పది వేల ఎఫ్‌పీఓలు పెడతామని కేంద్రం చెప్పింది. మన దగ్గరా బోర్డులు వెలిశాయి. సంఘానికి వాటి మీద కోపం లేదు. కాని మీ ఊళ్ళో ఉన్నదాంట్లో చేరేముందు మూడు అడగండి. లెక్కల పుస్తకం సభ్యుడు అడిగితే చూపిస్తారా, అమ్మకం జరిగిన ఎన్ని రోజులకు డబ్బు ఇస్తారు, కౌలు రైతుకు సభ్యత్వం ఉందా. జవాబులు సరిగా ఉంటే చేరండి, లోపల ఉండి గట్టిగా అడగండి.

నిరుటి తక్‌పట్టీలు ఇంట్లో ఎక్కడో చూరులోనో, బీరువాలోనో ఉంటాయి. పారేయకండి. వచ్చే నెల కమిటీ సమావేశానికి వచ్చేటప్పుడు ఎన్ని దొరికితే అన్ని తీసుకురండి, నామోషీ పడకుండా. ఎవరి పేరూ బయటికి రాదు. ఈ నోటు పుస్తకం ముందు వాటితోనే మొదలుపెడదాం. మీటరు చందా సంగతి ఆ రోజే తేల్చుకుందాం.